తెలంగాణ తెరశిల్పి శ్యామ్ బెనెగల్

తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును ఒక్క అంగడిలోనే వినవచ్చు భైంసావాసులకు, 1934లో సికింద్రాబాదు తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగల్ చిత్రములయందలి భాషాసంగమము ఎంతమాత్రము క్రొత్తగాదు. ప్రకటనచిత్రములతో చేయి తిరిగిన పిమ్మట, ఆయన 1974లో ‘అంకుర్’ను వెలువరించి, దొర కొరడాదెబ్బలు తినుచున్న మూగ కుమ్మరిని, ఆ దొరను నోరారా శపించు అతని భార్య లక్ష్మిని దక్కనీ మాటతీరుతోడనే తెరపై నిలిపెను.

మరాఠీ రచయిత ఖానోల్కరు నవల ‘కొండురా’ 1978లో ఆయన చేతిమీదుగా తెలుగున ‘అనుగ్రహం’ అయినది; మహారాష్ట్ర సరిహద్దున నివసించు మనము తప్పక చూడవలసిన చిత్రమది.

నెహ్రూ గ్రంథము ఆధారముగా బెనెగల్ తీయగా 1988లో దూరదర్శన్‌లో ఆరంభమైన ‘భారత్ ఏక్ ఖోజ్’ 53 భాగములలో నటుడు ఓంపురియే అశోకుడుగను, ఔరంగజేబుగను దర్శనమిచ్చెను. తన ఎనుబదవయేట, 2014లో, రాజ్యాంగరచనా చరిత్రను ‘సంవిధాన్’ పేర 10 భాగములుగా రాజ్యసభ టీవీకి బెనెగలే రూపొందించెను.