నడకను గమనించండి

పక్షవాతము వచ్చి ఆసుపత్రి నుండి ఇంటికి చేరినవారిని చూడడానికి మేము చిత్తూరు పల్లెలకు వెళ్లినప్పుడు చాలా ఇండ్లలో కనబడేది ఒకటే. వసారాలో నులకమంచము, దానిమీద పెద్దాయన, చుట్టూ ఎంతో ప్రేమగల కుటుంబము. అన్నము తినిపిస్తారు, నీళ్లు నోటికి అందిస్తారు. "అయ్యగారూ, నాయనను కాలు కింద పెట్టనీకుండా చూసుకుంటా ఉండాము" అని కొడుకులు సంతోషముగా చెప్తారు. వారి ప్రేమను తప్పుపట్టలేము గాని, ఆ మంచమే ఆయనకు రెండవ జబ్బు అవుతుంది. వాడని కండరము కరిగిపోతుంది, కీళ్లు బిగుసుకొంటాయి, వీపున పుండ్లు పడతాయి.

మెదడులో కొంత భాగము దెబ్బతిన్నా, మిగిలిన భాగము ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలదు. అయితే ఆ పనినే మళ్లీ మళ్లీ చేయించాలి. ఫిజియోథెరపీ అంటే నూనె రాసి మర్దన చేయడమని మనలో చాలామంది అనుకొంటారు. పావురము రక్తము పూసేవారు కూడ ఉన్నారు! మర్దన హాయినివ్వవచ్చు, నడక మాత్రము నడిస్తేనే వస్తుంది.

ఫిజియోథెరపిస్టు మొదట రోగిని నడిపించి చూస్తారు. అడుగు పొడవెంత, పాదములో ఏ భాగము ముందు నేలకు తగులుతున్నది, చేతులు ఊగుతున్నవా, వెనుకకు తిరగడానికి ఎన్ని అడుగులు పడుతున్నవి అని గమనిస్తారు. పక్షవాతము వచ్చినవారి మోకాలు సరిగా వంగదు గనుక కాలిని కొడవలి తిప్పినట్లు పక్కకు తిప్పి ముందుకు వేస్తారు. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వణుకు జబ్బులో అడుగులు చిన్నవి, నడుము ముందుకు వంగుతుంది, చేతులు ఊగవు. చిన్నమెదడు దెబ్బతిన్నవారు కాళ్లు ఎడముగా పెట్టి తూలుతారు.

ఈ చివరివారిని గురించి ఒక మాట చెప్పాలి. జన్మలో సారాయి ముట్టని మనిషిని తాగుబోతని ఊరు ఆడిపోసుకోవడము మేము విన్నాము. ఆ సిగ్గుకు కొందరు ఆరాధనకు రావడమే మానుకొంటారు. ఇందులో ప్రాణాపాయము కూడ ఉన్నది. నిన్నటిదాకా బాగా నడిచినవాడు ఉన్నట్టుండి తూలితే, మత్తు దిగుతుందిలే అని పడుకోబెడతారు. అది పక్షవాతము కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణముగా 4½ గంటల లోపల ఇవ్వాలి. కుప్పము నుండి తిరుపతికి ఎంత దూరమో మనకు తెలుసు.

ఇంటిలోనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. కుర్చీలో నుండి లేచి, 3 మీటర్లు నడిచి, వెనుకకు తిరిగి వచ్చి కూర్చోవాలి. ఒకరు గడియారము చూడాలి, ఇంకొకరు పట్టుకోవడానికి సిద్ధముగా పక్కన నడవాలి. పెద్దవారికి 12 సెకన్లు లేక అంతకు ఎక్కువ పడితే, క్రింద పడే ప్రమాదమున్నట్లు లెక్క. నెలకొకసారి అదే కుర్చీతో చూసి క్యాలెండరు మీద రాసి ఉంచితే వైద్యులకు ఎంతో పనికి వస్తుంది.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో నరముల వైద్యము, ఫిజియోథెరపీ ఉన్నవి. దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రిలో నడవలేని పిల్లలకు శస్త్రచికిత్సలు చేస్తారు, కాలిపర్లు అమర్చుతారు. చిత్తూరు వారికి వేలూరు దగ్గర. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు మేరీ వర్గీస్‌కు 1954లో మోటారు ప్రమాదములో నడుము క్రింది భాగమంతా చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుండి కుష్ఠరోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత న్యూయార్కు వెళ్లి పునరావాస వైద్యము నేర్చుకొని వచ్చారు. 1966లో వేలూరులో ప్రారంభమైన పునరావాస కేంద్రము ఆమె శ్రమఫలమే. తాను మళ్లీ నడవలేదు గాని ఎందరినో నడిపించారు.

ఇక ఇంటివారికి కొన్ని మాటలు. లేపేటప్పుడు చచ్చుబడిన చేతిని పట్టి లాగవద్దు, భుజము కీలు జారుతుంది. చేతికర్రను మంచి చేతితో పట్టుకోవాలి. నిలబడి చేయి వ్రేలాడదీస్తే కర్ర తల మణికట్టు ఎత్తుకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. వణుకు జబ్బువారికి గడప దగ్గర కాళ్లు నేలకు అంటుకొన్నట్లు ఆగిపోతాయి. అప్పుడు తొందరపెట్టి లాగితే పడిపోతారు. గడపకు ఇటూ అటూ అడుగుకొకటి చొప్పున సుద్దతో అడ్డగీతలు గీయండి. మామూలు నేలమీద కదలని కాలు, గీతను దాటమంటే చాలామందిలో కదులుతుంది. మన అక్కచెల్లెండ్రకు రోజూ ముగ్గు వేసే చేయి ఉన్నది గదా, ఆ గీతలు చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ గీస్తే సరి.