కాగితాలు లేనివారి వెంట నిలిచిన సంఘం

అమెరికా ఈశాన్యాన న్యూ హ్యాంప్‌షైర్‌లో డోవర్, రోచెస్టర్, సోమర్స్‌వర్త్ పక్కపక్కనే ఉన్న ఊళ్లు. అక్కడ కొన్ని చర్చిల్లో ఆదివారం ఆరాధన ఇండోనేషియా భాషలో సాగుతుంది. వచ్చేవారిలో చాలామందిది సులవేసి దీవి ఉత్తరాన ఉన్న మినహాసా ప్రాంతం. ముస్లింలు అధికంగా ఉన్న ఇండోనేషియాలో అది క్రైస్తవులు ఎక్కువగా ఉండే నేల. నేను పుట్టింది గుంటూరులో లూథరన్ కుటుంబంలో. ఇప్పుడు ఉండేది ఇదే రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో. వాళ్ల సంఘంలో ఒక అక్క పిలవబట్టి నాకు ఆ గుమ్మం అలవాటైంది.

వీళ్లు ఇంత దూరం ఎందుకొచ్చారు? 1998 మేలో ఆర్థిక సంక్షోభం ముదిరి జకార్తా అల్లర్లతో అట్టుడికింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. చైనా సంతతివారి దుకాణాలు తగలబడ్డాయి. అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాడు. ఆ తర్వాత మలుకు దీవుల్లో, మధ్య సులవేసిలో మత ఘర్షణలు చెలరేగాయి. భయపడిన కుటుంబాలు టూరిస్ట్ వీసాలపై వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనికి కుదిరాయి. ఆశ్రయం కోరాలంటే ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలని అమెరికా చట్టం. ఆ సంగతి తెలిసేసరికే చాలామందికి గడువు దాటిపోయింది.

వారం మధ్యలో జరిగే ఇంటి ప్రార్థనలో ఈ సంఘం అసలు రూపు కనిపిస్తుంది. ఆ అక్క ఇంట్లో పాటలు, వాక్యం అయ్యాక తినుతువాన్ వడ్డించారు. గుమ్మడికాయ, మొక్కజొన్న, ఆకుకూర వేసి మెత్తగా ఉడికించిన బియ్యపు జావ అది. పక్కన వేయించిన ఎండుచేప, పచ్చిమిర్చి, టమాటా తరిగి కలిపిన దబు-దబు. ఆ కారం గుంటూరు నోటికీ చాలినంత ఉంది. గిన్నెలు తీశాక ఒక పెద్దావిడ నోటుపుస్తకం తెరిచింది. ఎవరికి నైట్ షిఫ్ట్ పడింది, వాళ్ల పిల్లల్ని ఎవరు చూసుకోవాలి, లాయరు దగ్గరికి ఎవరి కారులో వెళ్లాలి, అన్నీ అక్కడే తేలిపోయాయి. మినహాసాలో దీన్ని మపలుస్ అంటారు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్లినట్టే, ఒకరి చేలో అందరూ దిగడం.

ఆ అండ ఎంత అవసరమో తర్వాత తెలిసింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్ని దేశాల మగవాళ్లు పేర్లు నమోదు చేసుకోవాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ జాబితాలో ఇండోనేషియా కూడా చేరింది. చట్టానికి లోబడి వెళ్లి పేరు రాయించుకున్నవాళ్లే అధికారుల కంట పడ్డారు. చర్చి పెద్దలు మాట్లాడగా, క్రమం తప్పక హాజరు వేయించుకుంటే ఉండనిస్తామని కొన్నాళ్లకు అధికారులు ఒప్పుకున్నారు. 2017లో ఆ మాట పోయింది. దేశం విడిచి వెళ్లేందుకు విమానం టికెట్లు కొనుక్కోమన్నారు.

హాజరు రోజుల్లో మాంచెస్టర్‌లోని ఫెడరల్ భవనం దగ్గరికి ఇండోనేషియన్లతోపాటు ఎన్నో సంఘాలవాళ్లు వచ్చేవారు. యెహోషువ గ్రంథంలో యెరికో చుట్టూ తిరిగినట్టు ఆ భవనం చుట్టూ ఏడుసార్లు నడిచేవారు. నేనూ నడిచాను. లోపలికి వెళ్లిన భర్త తిరిగొస్తాడో లేదోనని నా పక్కనున్నామె ప్రతి చుట్టులోనూ తలుపువైపే చూసింది. బోస్టన్‌లో జడ్జి ప్యాటీ సారిస్ ఆ పంపివేతలను ఆపారు. తమ కేసులు మళ్లీ తెరవమని అడిగే అవకాశం ఇవ్వకుండా పంపొద్దని 2018లో ఉత్తర్వు ఇచ్చారు.

భవనం కూలలేదు, అందరికీ కాగితాలూ రాలేదు. కానీ ఏ కుటుంబమూ ఒంటరిగా ఆ తలుపు దగ్గరికి వెళ్లలేదు. 2021లో సోమర్స్‌వర్త్‌లో ‘లిటిల్ ఇండోనేషియా’ వెలిసింది. నిన్నటిదాకా తలదాచుకున్నవాళ్ల పేరు ఊరే గర్వంగా చెప్పుకుంటోంది.

విదేశాల్లో మన తెలుగు సంఘాలూ ఎన్నో ఉన్నాయి. అక్కడ ఉద్యోగం, గ్రీన్‌కార్డు వచ్చినవారి సాక్ష్యాలు వింటాం. వీసా పోయినవాళ్లు మాత్రం సిగ్గుతో రావడం మానేస్తారు. వాళ్ల ఇంటికి మనమే వెళ్లాలి. లాయరు దగ్గరికి మన కారులో తీసుకెళ్లాలి. ప్రార్థనలో అదీ భాగమేనని ఈ మినహాసా అక్కలు నాకు నేర్పారు.