స్నానపు నీరు ఏల కాగదు?

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. దానికి చేరువనున్న మన గుర్రంకొండలో మార్గశిర పుష్యమాసముల యుదయమున నీళ్ళు ముట్టుటకే చేయి వెనుదీయును. పూర్వము పెరటి పొయ్యిమీద కాగులో నీళ్ళు మరగెడివి. ఇప్పుడు పెక్కు ఇండ్లలో గీజరును, షవరును వచ్చినవి. కాని మీట నొక్కి యెంత వేచినను గోరువెచ్చని నీరే వచ్చుచున్నదని పలువురు చెప్పుదురు. గీజరు చెడినదని తలంచి క్రొత్తదానికి సొమ్ము వెచ్చింతురు. అట్లు వెచ్చించుటకు ముందు కారణమును వరుసగా విచారింతము.

ఒక లీటరు నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,200 జౌలుల శక్తి కావలయును. పారుచుండగనే నీటిని కాచు 3,000 వాట్ల గీజరు నిమిషమునకు 1,80,000 జౌలుల నిచ్చును. కనుక నిమిషమునకు ఒక లీటరు పారినచో వేడి 43 డిగ్రీలు పెరుగును. రెండు లీటర్లయిన 21, మూడయిన 14 మాత్రమే. సంగటి ముద్ద యొక్కటే యైనప్పుడు విస్తళ్ళు పెరిగినకొలది పాలు తగ్గును గదా! తొట్టినీరు 18 డిగ్రీలున్నదనుకొందము. మూడు లీటర్లు పారిన 32 డిగ్రీలగును. అది మన దేహపు వేడికంటె తక్కువ గనుక చలి తీరదు. రెండు లీటర్లకు తగ్గించిన 39 డిగ్రీలగును. స్నానమునకు హాయిగా నుండును. కావున మొదట షవరు క్రింద బకెట్టు నుంచి, గడియారము చూచి, నిమిషమునకెన్ని లీటర్లు వచ్చుచున్నదో కొలువవలెను. ఎక్కువయైనచో కుళాయిని కొంచెము బిగించుటయే వైద్యము.

నీటిని నిలువయుంచి కాచు గీజరు సంగతి వేరు. 15 లీటర్ల నీరు 60 డిగ్రీలకు కాగినచో, చన్నీళ్ళతో కలిపి 40 డిగ్రీల స్నానపు నీరు సుమారు 28 లీటర్లగును. అది యొకరికి చాలును. రెండవవారు 2,000 వాట్ల గీజరు నొద్ద సుమారు 22 నిమిషములు వేచియుండవలెను. ఇది యంత్రదోషము కాదు.

విద్యుత్తు చాలకుండుట మఱియొక కారణము. తీగెలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గము ననుసరించునని జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించెను. వోల్టేజి తగ్గిన ప్రవాహమును తగ్గును. కావుననే 230 వోల్టుల గీజరునకు 180 మాత్రమే యందినచో వేడి నూటికి 61 పాళ్ళకు పడిపోవును.

అటుపిమ్మట చన్నీరు దొంగచాటుగా కలియుచున్నదేమో చూడవలెను. గీజరులోనికి నీరు పోవు కుళాయిని కట్టివేసి, వేడినీటి కుళాయిని మాత్రము తెఱవుడు. కొంత సేపటికిని ధార ఆగకున్నచో కలుపు కుళాయిలో లోపమున్నదని గ్రహింపవచ్చును. బోరుబావి నీరు కఠినమైనచో ఎలిమెంటుమీద సున్నపు గార కట్టును; అందువలన ఎలిమెంటు మితిమీరి కాగి త్వరలో కాలిపోవును. గార తీయించుట మిస్త్రీ పని.

ఇంతవరకు చెప్పిన పరీక్షలను ఇంటివారే చేయవచ్చును. కాని గీజరు మూత విప్పుట, థర్మోస్టాట్‌ను తప్పించి తీగెలు కలుపుట, ఆవిరి యొత్తిడిని విడుచు రక్షణ కవాటమును మూయుట ప్రాణాపాయము, తొట్టి పగులవచ్చును. గ్యాసు గీజరును గాలి చొరని స్నానపు గదిలో నుంచరాదు. దానినుండి వెలువడగల కార్బన్ మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు. స్నానము చేయువారు స్పృహతప్పువరకు తెలియకపోవచ్చును. మఱియు 60 డిగ్రీల నీరు కొలది సెకన్లలోనే చర్మమును కాల్చును. ఇంట పిల్లలును వృద్ధులును ఉన్నచో బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, పిదప వేడినీళ్ళు కలిపి, చేతితో చూచి మఱియు నీయవలెను.

మన విద్యార్థులు తరగతిలో నేర్చిన ఉష్ణశాస్త్రమును ఇంటియొద్ద ఒక బకెట్టుతోను గడియారముతోను పరీక్షించి చూతురుగాక. తలిదండ్రుల సొమ్ము మిగులుటయే కాక, ఏ పని తాము చేయదగినదో, ఏది తెలిసినవారికి విడువవలసినదో కూడ వారికి బోధపడును.