కాటా చీటీ పక్కన ఇంకో చీటీ

జూన్ నడిమికి వచ్చేసరికి చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. వచ్చే కాయలో ఎక్కువ భాగం తోతాపురి. ట్రాలీ కాటా ఎక్కుతుంది, బరువు తెర మీద కనపడుతుంది, చీటీ చేతికొస్తుంది. అక్కడిదాకా తగువు లేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీ మనిషి ఒకాయన పైవరసలో నాలుగు కాయలు తీసి, అటూ ఇటూ తిప్పి, మచ్చ ఉందంటాడు, పచ్చి ఎక్కువంటాడు, టన్నుకు ఇంత తరుగంటాడు. మండీలో దాన్నే సూటు అంటారు. ఆ మాటకు చీటీ ఉండదు. రాత్రంతా ట్రాక్టర్ మీదే పడుకున్న రైతు కాయను వెనక్కి తోలుకుపోలేడు గనక తలూపుతాడు.

చిన్న పరిశ్రమల్లోకి ఏఐ రావాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఇంటికో పారిశ్రామికవేత్త అన్న నినాదం పక్కనే ఈ మాట కూడా ప్రతి సభలో వినిపిస్తోంది. ఈ జిల్లాల్లో అది మొదట దిగాల్సిన చోటు ఈ గేటు దగ్గరే అని నా గట్టి నమ్మకం.

గుజ్జు మనకు చిన్నాచితకా వ్యాపారం కాదు. దేశంలో మామిడి గుజ్జుకు రెండు ప్రధాన కేంద్రాలని వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చెబుతుంది: ఒకటి చిత్తూరు, రెండోది తమిళనాట కృష్ణగిరి. రెంటిలో కలిపి 65 దాకా యూనిట్లున్నాయని దాని లెక్క. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త నిర్వచనం ప్రకారం యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటకపోతే అది చిన్న పరిశ్రమే. ఆ లెక్కన మన గుజ్జు యూనిట్లలో చాలావాటికి ఆ పేరు వర్తిస్తుంది.

2025 సీజను ఎవరూ మరిచిపోలేదు. కాయ విరగకాసింది. పాత గుజ్జు గోదాముల్లోనే ఉంది, ఎగుమతి గిరాకీ పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని తేల్చారు. ఆ 8 కూడా దక్కడం లేదని రైతులు రోడ్డెక్కారు. ఏఐ ఉండుంటే ధర పడేది కాదని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పనిలేదు. గల్ఫ్‌లోనూ యూరప్‌లోనూ కొనేవాడు వెనక్కి తగ్గితే ఏ కెమెరా ఆపగలదు? అయితే కిలో ఎనిమిదికి దిగిన ఏడాది నూటికి అయిదు కిలోల తరుగు కూడా రైతుకు బరువే. అందుకే ఆ తరుగు ఎలా తేలుస్తున్నారన్నది ముఖ్యం.

తరుగు తేల్చడంలో కెమెరా చేసే పని చెప్పుకోవడానికి తేలికే. బెల్టు మీద కాయ దొర్లుతూ పోతుంది, పైనుంచి ఒకే తీరు వెలుతురు పడుతుంది, నాలుగు వైపులా ఫోటోలు పడతాయి. అంతకుముందే వేల ఫోటోలకు ఇది మంచిది, ఇది కుళ్లు, ఇది దెబ్బ తగిలింది అని పేర్లు పెట్టి నేర్పించిన ప్రోగ్రాము ఒక్కో కాయనూ క్షణంలో తేలుస్తుంది. ఆ పేర్లు ఎవరు పెట్టారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

తోతాపురి కోసేటప్పుడు తొడిమ తెగి సొన కారుతుంది. అది తొక్క మీద పడి ఆరితే నల్లటి చారలు కడతాయి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, లోపల కండకు ఏమీ కాదు. గుజ్జు తీసేటప్పుడు తొక్క ఎలాగూ పోతుంది. పండ్ల దుకాణంలో అమ్మే కాయల ఫోటోలతో నేర్చిన ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియదు. సొన చార కనపడగానే పక్కకు తోసేస్తుంది. అదే పండు ఈగ పొడిచిన కాయ మీద సూదిమొన కన్నం తప్ప ఏమీ కనపడదు, లోపల పురుగులు తిరుగుతుంటాయి. దాన్ని మంచిదని పంపేస్తుంది. రెండు తప్పులూ జరుగుతాయి. మొదటిదానికి రైతు నష్టపోతాడు, రెండోదానికి ఫ్యాక్టరీ. బయట ఎక్కడో తయారైన యంత్రాన్ని తెచ్చి బిగించేసి ఏఐ చెప్పింది కాబట్టి ఇదే ఖాయం అంటే, గేటు దగ్గర వేలితో చూపించి వాదించే అవకాశం కూడా రైతుకు పోతుంది. మనిషి తరుగు కన్నా అది పెద్ద అన్యాయం.

సొన చారకూ కుళ్లు మచ్చకూ తేడా తెలిసినవాళ్లు మన ఫ్యాక్టరీల్లోనే ఉన్నారు. గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబడి పొద్దస్తమానం కాయలు ఏరే ఆడవాళ్లు. బొటనవేలితో నొక్కగానే ఏ కాయ గట్టిది, ఏది మాగింది, ఏది లోపల చెడిందో వాళ్లకు తెలిసిపోతుంది. ఫోటోలకు పేర్లు పెట్టాల్సింది వాళ్లు. ఆ పనికి వేరే కూలీ ఇచ్చి పెట్టించాలి. బెల్టు వచ్చాక బల్ల దగ్గర కొందరికి పని తగ్గుతుందన్నది దాచాల్సిన విషయం కాదు. సీజను రెండు మూడు నెలల కూలీ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టుకునేవాళ్లు వాళ్లు. యంత్రం ఆర్డరు పెట్టేముందే ఎవరికి ఏ పని ఇస్తారో యజమాని చెప్పి తీరాలి.

ఇంకో సంగతి తీపి. మామూలు తోతాపురి గుజ్జులో బ్రిక్స్, అంటే కరిగి ఉన్న చక్కెర పాలు, సుమారు 14 నుంచి 16 ఉండాలని కొనేవాళ్లు అడుగుతారు. గట్టి గుజ్జు కావాలంటే ఆవిరి పెట్టి నీళ్లు తీసేసి 28కి తేవాలి. కాయ తియ్యగా ఉంటే ఆవిరి కావాల్సిన నీళ్లు తక్కువ, బాయిలర్‌కు ఇంధనం తక్కువ. అంటే చెట్టు మీద మరో వారం ఉంచి కోసిన రైతు ఫ్యాక్టరీకి ఇంధనం మిగులుస్తున్నాడు. తొక్క మీద పరారుణ కాంతి వేసి కాయ కోయకుండానే తీపి అంచనా కట్టే పరికరాలు వచ్చాయి. వాటి లెక్క ధరలోకి కూడా రావాలి. యంత్రం తరుగు మాత్రమే చెప్పి తీపి గురించి నోరు మెదపకపోతే అది ఒక పక్షానికే పనిచేసినట్టు.

ఖర్చు సంగతికొస్తే, ఏడాదిలో తొమ్మిది నెలలు మూతపడి ఉండే యూనిట్ ఒక్కటే ఇంత పెట్టుబడి పెట్టలేదు. నాలుగైదు ఫ్యాక్టరీలు కలిసి వాడుకునే ఉమ్మడి కేంద్రానికి కేంద్ర ప్రభుత్వ క్లస్టర్ పథకం కింద గ్రాంటు దొరుకుతుంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి ఉంది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది, తిరుపతిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ పెట్టారు. సాంకేతిక సాయానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటి పూనుకున్నా సరిపోతుంది. నగరి, పుత్తూరు మరమగ్గాలకూ ఇదే దారి. పోగు తెగితే మగ్గాన్ని ఆపే ఏర్పాటు పాతదే. గుడ్డలో పడిన తప్పును అప్పటికప్పుడు పట్టే కెమెరా మాత్రం నాలుగు మగ్గాలున్న ఇంటికి ఒంటరిగా అందదు. పైగా అక్కడ కూడా తప్పుకు కోత పెట్టేది నూలిచ్చే షావుకారే. కాబట్టి కెమెరా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న నగరిలోనూ తప్పదు.

అన్నిటికన్నా ముందు కావాల్సింది ఒక పుస్తకం. ఈరోజు ఒక రైతు కాయ గేటు దాటగానే పదిమంది కాయలో కలిసిపోతుంది. మాగబెట్టిన నాలుగు రోజులకు బల్ల మీద కుళ్లు తేలితే అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ట్రాలీకో నంబరు, ఆ నంబరు రాసిన అట్టముక్క ప్రతి క్రేటుకూ, బల్ల దగ్గర ఎన్ని క్రేట్లకు ఎంత పోయిందో ఒక వరుస. ఇంతే. ఇది రాయని ఫ్యాక్టరీలో ఎంత ఖరీదైన ఏఐ పెట్టినా దానికి నేర్పడానికి ఏమీ ఉండదు.

ఆ వరుసలోని లెక్క రైతుకు కూడా వెళ్లాలి. కాటా చీటీతో పాటు ఇంకో చీటీ: మంచి కాయ ఇంత, చెడింది ఇంత, తీపి ఇంత, ఏ ఫోటో చూసి తోసేశారో ఆ ఫోటో ఫోన్‌కు. ఒప్పుకోకపోతే అక్కడికక్కడే పది కాయలు కోసి చూపించే ఏర్పాటు. ఈ షరతు పెట్టకుండా ప్రభుత్వం ఏ యూనిట్‌కూ యంత్రానికి సబ్సిడీ ఇవ్వకూడదు.

తోతాపురి ఫోటోలు తీయగలిగేది జూన్, జూలైల్లోనే. ఆ రెండు నెలలు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఒక్క ఫ్యాక్టరీ, ఒక్క బెల్టు, పేర్లు పెట్టే పదిమంది ఆడవాళ్లు, వాళ్ల కూలీ ఎవరిస్తారన్న నిర్ణయం. కలెక్టరూ, గుజ్జు ఫ్యాక్టరీల సంఘమూ, రైతు సంఘాలూ కూర్చుని దీన్ని ఏప్రిల్‌లోపే తేల్చాలి.