పెరటిలో కలువకొలను

కలువ యనగానే మనకు వెన్నెల జ్ఞప్తికి వచ్చును. చంద్రుడు కలువల చెలికాడనియు, సూర్యుడు తామరల మిత్రుడనియు మన కావ్యములు వేయి విధముల వర్ణించినవి. కాని యింతగా వర్ణింపబడిన పువ్వు కొలనిలో విచ్చుచుండగా కన్నులార చూచిన బాలికలు నేటి పట్టణములలో అరుదు. ఊరి చెరువులు కొన్ని పూడిపోయినవి. మరికొన్నింటిని దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క కప్పివేసినది. అందుచేత కలువను పెరటిలోనికి తెచ్చుకొను విధమును సోదరీమణులకు తెలుపదలచితిమి. మొక్కను పెంచుట కష్టము కాదు. అది యున్న నీటిని కాపాడుటయే యిందలి యసలు పని.

ముందుగా కలువకును తామరకును గల భేదము నెరుగవలెను. తామరాకు గుండ్రముగా నుండి నీటిపైకి లేచి నిలుచును. కాడ దాని నడుమ నంటియుండును. నీటిబొట్టు దానిపై నిలువక జారిపోవును. కలువాకు నీటిపై పరచుకొని తేలును. అంచునుండి కాడవరకు దానికొక చీలిక యుండును. చూపునకు అక్కచెల్లెండ్రవలె నున్నను, వృక్షశాస్త్రజ్ఞులు వీనిని దూరపు కుటుంబములలో చేర్చిరి.

కలువలలోను తెల్లనిది కుముదము, ఎర్రనిది హల్లకము, నీలివన్నెది ఇందీవరము. మన చెరువులలోని తెల్లకలువయు, ఎర్రకలువయు సాధారణముగా సాయంకాలము విచ్చి, మరునాడు ప్రొద్దెక్కిన పిదప ముడుచుకొనును. నీలికలువ మాత్రము పగటి పువ్వు. కావున చంద్రుని చెలిమి అన్ని కలువలకును చెల్లదు. పగలు ఉద్యోగమునకు పోవు సోదరీమణులు రాత్రి విచ్చు కలువను తెచ్చుకొన్నచో, ఇంటికి వచ్చిన పిదప దానిని చూచి యానందింపవచ్చును.

కొలనికై పెరడంతయు త్రవ్వనక్కరలేదు. 3 అడుగుల వెడల్పును, 2 అడుగుల లోతును గల తొట్టి చాలును. దినమునకు 5, 6 గంటల యెండ మాత్రము తప్పక తగులవలెను. సిమెంటు తొట్టి క్రొత్తదైనచో సున్నపు గుణము నీటిలోనికి దిగును. రెండు మూడు వారములు నీరు నింపుచు పారబోయుచు నుండి, పిదపనే మొక్కను దింపవలెను. వెడల్పైన మట్టికుండీలో చివికిన పశువుల యెరువు అడుగున పిడికెడు వేసి, పైన చెరువుమట్టి గాని బంకమట్టి గాని నింపవలెను. ఆకుల యెరువు, కొబ్బరిపొట్టు తేలిపోయి నీటిని చెరచును, అవి పనికిరావు. దుంపయొక్క మొలక పైకి కనబడునట్లు నాటి, చుట్టును గులకరాళ్లు పరచవలెను. కుండీని ఇటుకలపై నిలిపి, మొలకపై 6 అంగుళముల నీరుండునట్లు చూడవలెను. ఆకులు పెరిగిన కొలది ఇటుకలను తీసివేసి 12 అంగుళముల లోతునకు దింపవచ్చును.

కలువాకు ఊపిరి రంధ్రములు పైభాగముననే యుండును. కావున నీటిధార ఆకులపై పడుచుండుట దానికి గిట్టదు. ఆకులనీడ నాచును అణచును గాని, నీరంతయు కప్పనీయరాదు. సగము తెరపియుండునట్లు పండుటాకులను, వాడిన పూలను తీసివేయుచుండవలెను.

ఇక దోమల మాట. మా పెరటిలో తొట్టి కట్టించునప్పుడు అత్తగారు మొదట నడిగిన ప్రశ్న యిదియే. అది వట్టి భయము కాదు. రోనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికిందరాబాదులోనే. డెంగీ జ్వరమును తెచ్చు దోమయో, మురుగుకంటె తేటనీటినే కోరును, పగటివేళ కుట్టును. మన దేశపు వేడిమిలో గ్రుడ్డు దోమయగుటకు 7 మొదలు 10 దినములు చాలును. మన తొట్టిలో పుట్టిన దోమ మన గోడకడ నాగిపోదు. పొరుగింటి పసిబిడ్డను సైతము కుట్టును.

దీనికి చేపలే మందు. ఇంత తొట్టికి 8 లేక 10 గప్పీ చేపలను విడిచినచో, నీటిలో మెలికలు తిరుగు దోమపిల్లలను అవి తినివేయును. ఆకులు దట్టమైనచో చేపలు వానిని చేరజాలవు. తెరపి యుంచుమనుటకు ఇదియు నొక కారణము. వారమున కొకనాడు తెల్లని గిన్నెతో నీరు ముంచి చూడవలెను. పురుగు కనబడినచో చేపలు చాలలేదన్నమాట. కిరసనాయిలు, పురుగుమందు పోయరాదు, చేపలు చచ్చును. చేపలు హెచ్చినచో ఊరి చెరువులో విడువరాదు. పరదేశపు జాతులగుటచే అచ్చటి చిరుచేపలకు హాని కలుగును. కలువతొట్టిని నిందించువారు కుండీల క్రింది పళ్లెములను, మూతలేని డ్రమ్ములను కూడ నొకసారి పరీక్షింపవలెను. చేపలులేని యా నీరే హెచ్చు ప్రమాదకరము.

దోమకంటె పెద్ద భయము మరియొకటి కలదు. నడక నేర్చు బిడ్డకు జానెడు నీరైనను ప్రాణాపాయమే. తొట్టిగోడ యెత్తుగా నున్నదని నమ్మియుండరాదు. చుట్టును కంచె కట్టి, గడియ బిడ్డ చేతికందనంత పైన నుంచవలెను. అదియు కుదరని యింటిలో, బిడ్డ పెద్దదియగువరకు కలువకోరికను వాయిదా వేయుటే మేలు.

ఈ జాగ్రత్తలతో పెంచిన కలువ చక్కని పాఠము కూడ చెప్పును. ఒక్కొక్క పువ్వు మూడు నాలుగు దినములు విచ్చుచు ముడుచుకొనుచు నుండును. మొదటి దినమున దాని నడిమి గిన్నెలో తేటద్రవము నిలుచును. వేరొక పువ్వు పుప్పొడిని మోసికొని వచ్చిన పురుగు దానిలో దిగును. తరువాతి దినములలో ఆ ద్రవమింకి, తన పుప్పొడి రాలును. పిదప కాడ వంగి, పువ్వు నీట మునిగి, కాయ అడుగుననే పండును. విత్తులు పైకి తేలి వచ్చును. పూజకు పువ్వులు కోయునప్పుడు ఒకదానినైన కాడకు విడిచి, పిల్లలను ప్రతిదినము దానిచెంతకు తోడ్కొని పోయి చూపవలెను. మొక్క నాటుటకు తొలకరి యనువైన కాలము. తొట్టి కట్టించుట వేసవిలోనే మొదలిడవలెను.