బిగిసిన కాళ్లు – శస్త్రచికిత్స

ఆరేండ్లు నిండినా బిడ్డను చంక దింపలేని తల్లులు మన పల్లెలలో ఉన్నారు. వేల్పూరు వంటి ఊరిలో అట్టి తల్లి, పసుపు అమ్మిన సొమ్మంతా ధారపోయడానికి సిద్ధపడి, అడిగేది ఒకటే: "ఆపరేషను చేయిస్తే నడుస్తడా?" ఆ సొమ్ము కదలకముందే తెలియవలసినవి కొన్ని ఇక్కడ చెప్పదలచినాము.

ఈ బిగువు కాళ్లలో పుట్టినది కాదు. కాన్పుకు ముందో, కాన్పులోనో, పసితనములోనో మెదడుకు తగిలిన దెబ్బ వలన అదుపు తప్పి కండరాలు బిగుస్తాయి. బిడ్డ మునివేళ్లపై నిలుస్తాడు. మోకాళ్లు కత్తెర వలె పెనవేసుకుంటాయి. ఏ శస్త్రచికిత్సయు మెదడులోని ఆ దెబ్బను మాన్పలేదు. 1861లో లండనులో ఈ వ్యాధిని విపులముగా వివరించిన డాక్టరు విలియం జాన్ లిటిల్ స్వయముగా వంకరపాదముతో బాధపడి, 1836లో జర్మనీలో స్ట్రోమయర్ చేత మడమ స్నాయువు కోయించుకొని బాగుపడినవాడు. వైద్యుని కంటె ముందు ఆయన రోగి!

స్నాయువును పొడిగించడం, వంకరపోయిన ఎముకను సరిచేయడం నేటికీ ఉన్నవి. మరీ పసితనములో చేస్తే ఎదుగుదలతో బిగువు మరల రావచ్చును. కనుక వీలైనంతవరకు ఆరేడేండ్లు దాటనిచ్చి, కావలసినవన్నీ ఒకే పర్యాయము చేస్తారు. అంతవరకు వ్యాయామము, కాలిపట్టీలు, బొటులినం సూదిమందు. ఆ మందు గుణము మూడు నాలుగు నెలలే.

వెన్ను వద్ద చేసేది వేరొకటి. కాళ్లనుండి వెన్నుపాముకు వార్త మోసే నరపు పోగులలో అతిగా స్పందించేవాటిని ఎంచి కత్తిరిస్తారు. తెగినవి అతకవు. ముఖ్యముగా కాళ్లు మాత్రమే బిగిసి, కొంత నడవగలిగి, కాళ్లలో బలమున్న పిల్లలకు ఇది తగును. ఇక ఒళ్లంతా బిగిసిన పిల్లలకు పొట్ట చర్మము క్రింద చిన్న పంపు అమర్చి, బాక్లోఫెన్ మందును వెన్నులోని నీటిలోకి పంపుతారు. కొన్ని నెలలకొకసారి మందు నింపించాలి. హఠాత్తుగా ఆగితే ప్రాణాపాయము. ఆసుపత్రికి దూరముగా ఉన్నవారు ఈ మాట ముందే యోచించుకొనవలెను.

బిగువంతా చెరుపు చేసేది కాదని కూడ తెలియాలి. బలము లేని కాలు ఒక్కొక్కప్పుడు ఆ బిగువు ఊతముతోనే నిలుస్తుంది; తీసివేస్తే నిలిచే బిడ్డ కూలబడవచ్చును. మరొక వైపు, నడవని బిడ్డకు తుంటికీలు నొప్పి లేకుండానే మెల్లగా జారిపోతుంది. పైకి ఏమీ కనబడదు. అందుచేత డాక్టరు చెప్పిన గడువులలో తుంటికి ఎక్స్‌రే తీయించడం, ఆపరేషను తలపెట్టకపోయినా, మానరాదు.

హైదరాబాదులో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోటికి పోయినప్పుడు, ఆపరేషను తరువాత నెలల తరబడి చేయించవలసిన వ్యాయామమును ఇంటివద్ద ఎవరు చేయించాలో, వారిని కూడ వెంటబెట్టుకొని పోవడం మంచిది. డాక్టరు చేయి పట్టి నేర్పేది వారికే.