పటాలం దిగిన తరవాత

2020 నవంబరులో ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు జెండా కప్పిన పెట్టె వచ్చింది. కశ్మీరులోని మాచిల్ సెక్టారులో చొరబాటుదారులతో ఆ నెల 8న జరిగిన పోరులో హవల్దారు చీకల ప్రవీణ్‌కుమార్‌రెడ్డి ప్రాణాలు వదిలారు. ఆయన మద్రాసు రెజిమెంటు మనిషి. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల సాయం ప్రకటించింది. మరుసటేడు డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టరు కూలి, జనరల్ బిపిన్ రావత్‌తో పాటు కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ చనిపోయారు. ఆ రెండు సార్లూ చిత్తూరు జిల్లా అంతా కదిలింది. వీరమరణం పొందిన వాడికి ఏం చేయాలో మన ఊళ్లకు బాగా తెలుసు. పూలు, తుపాకుల వందనం, ఫ్లెక్సీలు, కూడలిలో విగ్రహం.

బతికి వచ్చినవాడి సంగతే తెలీదు.

మన పూతలపట్టునే చూడండి: తిరుపతి, పీలేరు, చిత్తూరు దారులు కలిసే చోటు. చుట్టూ మామిడి తోపులు, వానను నమ్ముకున్న చెనక్కాయ చేలు. బోరు ఎండిన ఇంట్లో నెలజీతం వచ్చే దారి కావాలంటే ఒకప్పుడు చదువు లేకున్నా చదువున్నా కనబడింది పటాలమే. కాట్పాడిలో రైలెక్కిన పిల్లవాడు పదిహేను, పదిహేడేళ్లు చేసి, నలభై నిండకుండానే దిగి వస్తాడు. అప్పటికి పిల్లలు ఇంకా బడిలో ఉంటారు. పింఛను చాలదు. చిత్తూరులోనో తిరుపతిలోనో బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడతాడు. ఊరు మాత్రం ఆయన గురించి ఒక్క మాటతో సరిపెడుతుంది: "ఆయప్ప మిలిట్రీలో ఉండి వచ్చినాడు, కోపం జాస్తి."

ఆ కోపం ఎక్కడ పుట్టిందో అడిగేవాళ్లు తక్కువ.

కంటికి కనబడే గాయం గురించి ముందు చెప్పుకుందాం. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తరవాత పాకిస్తాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించారు. యుద్ధం జరగలేదు. అయినా మందుపాతరలు పరిచేటప్పుడు, మళ్లీ తీసేటప్పుడు వందల మంది ప్రాణాలో కాళ్లో పోగొట్టుకున్నారు. మోకాలి కింద కాలు పోయిన సిపాయికి పుణెలో 1944 నుంచి ఉన్న కృత్రిమ అవయవ కేంద్రంలో కాలు అమరుస్తారు. అక్కడి నున్నటి గచ్చు మీద ఆ కాలు బాగానే నడుస్తుంది. చిత్తూరు జిల్లా మే నెలలో చేను గట్టు మీద నడిచి చూడాలి. తెగగా మిగిలిన కాలి మొండికి ముందు మేజోడు తొడగాలి, ముడత ఒక్కటి ఉండకూడదు. దాని మీద కృత్రిమ కాలి గుల్ల బిగించాలి. పదకొండు గంటలకల్లా లోపల చెమట పట్టి చర్మం నానుతుంది, ఒరుసుకుంటుంది, పుండవుతుంది. పుండు మానేదాకా పెట్టుడు కాలు గోడకు ఆనించి చంకకర్రలతో తిరగాల్సిందే. ఏళ్లు గడిచే కొద్దీ ఆ మొండి సన్నబడి గుల్ల వదులవుతుంది, మళ్లీ కొలతలు తీయించుకోవాలి. అదృష్టం కొద్దీ ఈ ప్రాంతానికి దగ్గర్లోనే తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆస్పత్రి ఉంది. కాట్పాడి దాటగానే రాయవేలూరు సీఎంసీ ఉంది. కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పునరావాస వైద్యానికి పునాది వేసింది అక్కడే. కాలు పోయినవాడికి ఈ చుట్టుపక్కల దొరికినంత వైద్యం చాలా జిల్లాలకు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

కంటికి కనబడని గాయానికి ఈ సౌకర్యం లేదు. అడవిపందులను తరమడానికి రాత్రి పూట చేలో టపాకాయ పేలుస్తారు. ఊరంతా పక్కకు తిరిగి పడుకుంటుంది. ఒక ఇంట్లో మాత్రం మనిషి మంచం దిగి నేల మీద బోర్లా పడుకుని ఉంటాడు. తెల్లారి భార్యతో ఏమీ జరగనట్టే మాట్లాడతాడు, ఆమె కూడా అడగదు. గంగజాతర రోజు, దీపావళి రోజు ఏదో ఒక పని చెప్పి ఊరు దాటేస్తాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి డాక్టర్లు ఇలాంటి దాన్ని ఫిరంగి మోతల దెబ్బ అనుకున్నారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు పట్టుబట్టాక, 1980లో అమెరికా మానసిక వైద్యులు దీన్ని ఒక జబ్బుగా తమ పుస్తకంలో చేర్చారు. మన పల్లెలో ఇప్పటికీ ఇది గాలి సోకడమో, తాగుడో, పొగరో.

తాగుడు మాట వచ్చింది గనక కాణిపాకం గురించి చెప్పాలి. పూతలపట్టుకు పక్కనే ఉన్న వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు మందు మానేస్తానని ఒట్టేయడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆచారం. క్యాంటీను కోటాలో నెలనెలా సీసాలు తెచ్చుకునే మిలిట్రీ ఆయన్ని కూడా ఇంటివాళ్లు అక్కడికే తీసుకొస్తారు. ఆ ఒట్టును తేలిగ్గా చూడను. చాలామందిని అది నిలబెట్టింది. కానీ నిద్ర పట్టక తాగేవాడి చేత సీసా మాన్పిస్తే, నిద్ర లేకపోవడం మాత్రం అలాగే మిగులుతుంది. ఒట్టు తప్పినవాడికి పాపభయం అదనపు బరువు.

శ్రీలంక నుంచి వచ్చినవాళ్ల కథ ఇంకొంచెం వేరు. 1987లో వెళ్లిన శాంతిసేన 1990 మార్చిలో తిరిగి వచ్చేనాటికి దాదాపు 1,200 మంది చనిపోయారు. ఓడలు మద్రాసు రేవుకు చేరినప్పుడు అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి వెళ్లలేదు. ఆ సేనలో మద్రాసు రెజిమెంటు పటాలాలూ ఉన్నాయి. చిత్తూరు జిల్లా మనిషికి అరవం ఇంటిపక్క భాష. జాఫ్నా వీధుల్లో తలుపు తట్టినప్పుడు లోపలి ముసలావిడ ఏమని ఏడుస్తోందో పంజాబీ సిపాయికి తెలియకపోవచ్చు, మనవాడికి ప్రతి మాటా తెలుసు. గెలిచామని చెప్పుకోవడానికి లేదు, ఓడామని ఎవరూ అనరు, ఎందుకు వెళ్లారో ఇంట్లోవాళ్లకే అర్థం కాదు. ఆ తరం ఇప్పుడు అరవై దాటి మనవళ్లను ఆడిస్తోంది.

ఇక కాగితం. సిపాయి దిగేటప్పుడు వైద్యబోర్డు రెండు సంగతులు తేలుస్తుంది: వైకల్యం ఎంత శాతం, అది సర్వీసు వల్ల వచ్చిందా లేక సర్వీసులో ముదిరిందా. రెండూ కాదని రాస్తే వైకల్య పింఛను లేనట్టే. కాలు పోతే వాదన తక్కువ. మనసు చెదిరితే బోర్డు చూసేది జబ్బు బయటపడ్డ చోటు. కశ్మీరులో చూసింది చాలాసార్లు రెండేళ్ల తరవాత సికింద్రాబాదులో బయటపడుతుంది; అది శాంతి ప్రాంతం గనక జబ్బు సర్వీసుది కాదంటారు. ఇది నా దృష్టిలో అన్యాయం. 2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి మూర్ఛ జబ్బు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసులో వస్తే, అది సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే. అయినా ఒక్కొక్కరూ చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ మెట్లెక్కుతూనే ఉన్నారు. గెలిచాక కూడా కేంద్రం అప్పీలుకు పోయిన కేసులూ తక్కువేం కాదు.

భూమి గొడవ దీనికి తోడు. మాజీ సైనికుడికి ప్రభుత్వం పట్టా రాసిచ్చిన డీకేటీ భూమిని పదేళ్ల తరవాత అమ్ముకోవచ్చని 1993లో 1117వ నంబరు జీవో వచ్చింది. ఆ భూములు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలోకి ఎక్కితే, కూతురి పెళ్లికి అమ్ముకోవాలనుకున్నవాడు సోమవారం సోమవారం చిత్తూరు కలెక్టరేటులో అర్జీ పట్టుకుని నిలబడాలి. గన్ను పట్టిన చేత్తో అర్జీ పట్టించడం మన రెవెన్యూకు కొత్త కాదు.

రేపటి సంగతి ఇంతకన్నా కష్టం. 2022 నుంచి చేరుతున్న అగ్నివీరుల్లో నలుగురిలో ముగ్గురు నాలుగేళ్లకే ఇంటికొస్తారు. వాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం లేదు. 2025 మేలో సరిహద్దులో చనిపోయిన సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రవాడు మురళీనాయక్ అగ్నివీరుడే. అతని పక్కన నిలబడి, అదంతా చూసి, ఇరవై మూడేళ్లకు ఇల్లు చేరే పిల్లవాడి రాత్రులు ఎవరు చూసుకోవాలో ఏ జీవోలోనూ లేదు.

ఇంట్లో మిలిట్రీ నుంచి దిగినవాళ్లుంటే ఈ పని చేయండి. డిశ్చార్జి పుస్తకం, వైద్యబోర్డు కాగితాలు పెట్టెలోంచి తీసి, చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించండి. నిద్ర పట్టనివాళ్ల కోసం మానసిక ఆరోగ్య సాయం అందించే 14416కి ఫోను చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆలస్యం మాత్రం చేయొద్దు. 1983లో వైకల్యంతో ఇంటికి పంపిన తర్సేమ్ సింగ్ అనే సిపాయి 1999లో కోర్టుకెక్కాడు. కోర్టులో ఆయనకు పింఛను దక్కింది. బకాయి మాత్రం 2008లో సుప్రీంకోర్టు కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇచ్చింది.